ఐదు కార్ల మాష్టారు

(1969 జూలై, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. ఒక ఆదివారం, పొద్దున తొమ్మిదిన్నర. చిక్కడపల్లిలో శ్రీపతి గారి ఇంటి వరండా. ఆయన సేల్సుటాక్సు ఆఫీసులో హెడ్డు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. పక్కవాటాలో అద్దెకుండే తెనాలి నుంచి వచ్చిన లెక్కల మాష్టారు శ్రీరామమూర్తి చేతిలో కాగితంతో వచ్చి కూర్చున్నాడు. ఆ వాటాలోంచి ఆయన భార్య వేదవతి కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది.)

“అది కాదండీ శ్రీపతి గారూ, అసలు నాకు కారే లేదు కదా. సైకిలు తప్ప ఇంకోటి ఎక్కి ఎరగను. నాకెందుకండీ సేల్సుటాక్సు వాళ్ళ కాగితం?”

“జర నిమ్మళంగ కూసోన్రి మూర్తిసాబ్. ఏం రాసిన్రో మళ్ళొకసారి చదువున్రి.”

“‘శ్రీ శ్రీరామమూర్తి గారికి. తమరు గత నాలుగు మాసములలో విక్రయించిన అయిదు మోటారుకార్ల విషయమై మాట్లాడవలసి యున్నది. ఆదివారం ఉదయం పది గంటలకు ఇంటివద్ద ఉండవలెను. టి. విశ్వేశ్వరరావు, సేల్సుటాక్సు ఇన్‌స్పెక్టరు.’ అంతే.”

“అయిదా?”

“అయిదనే రాశారు.”

“రాసింది సరే. అమ్మింది ఎన్ని?”

“అమ్మడమంటే... నేను అమ్మలేదండీ. అమ్మిపెట్టాను.”

“ఎన్ని?”

“అయిదు.”

“మూర్తిసాబ్.”

“అందుకే కదండీ మీ దగ్గరికొచ్చాను. పది గంటలకొస్తానన్నాడు. ఇప్పుడు తొమ్మిదిన్నర. రాత్రి ఈ కాగితం తలుపు సందులోంచి పడింది, అప్పట్నుంచీ మెతుకు దిగలేదు. వేదా, కాసేపు ఆ మిషను ఆపు. ఇక్కడ మాట్లాడుకుంటున్నాం.”

“నా కాంపౌండ్ల బండ్లు పెట్టిననాడు నాతోని ఏం చెప్పిన్రు? దోస్తులవి, ఊరికి పొయ్యి వస్తరు, గందాక ఉంటయి అన్నరు. నేను సరేనన్న. ఒకటి పాయె, ఇంకొకటి వచ్చె. ఇంకొకటి పాయె. నేనేమనుకున్న? ఒకలు వచ్చి తీస్కపోయిన్రు, ఇంకొకలు తెచ్చి పెట్టిన్రు అనుకున్న.”

“ఊరికే వెళ్ళారండీ. నిజమే చెప్పాను.”

“వస్తరని కూడా చెప్పిన్రు.”

“అప్పుడు వస్తారనే అనుకున్నాను.”

“మల్ల?”

“వెళ్ళినవాళ్ళు ఉత్తరాలు రాశారు. ‘ఇక రాం మాష్టారూ, బండి ఎంతకో అంతకి అమ్మేసి పంపండి’ అని. ఇంజనీరు గారు, బ్యాంకాయన, నూనెమిల్లు వాళ్ళబ్బాయి, డాక్టరు వీరరాఘవరావు గారు. వాళ్ళు ఇక్కడికొచ్చి బేరాలాడలేరు. గేటు ముందు నిలబడి కారు అమ్ముతుంటే, వీడు పారిపోతున్నాడని వీధంతా తెలుస్తుంది. నాకైతే కారే లేదు, నన్నెవరు అనుమానిస్తారు?”

“గంతమందిల మా ఇల్లే దొరికిందా పెట్టెతందుకు?”

“మీ ఇల్లు గనకే పెట్టారండీ.”

“అంటే?”

“అంటే... మీరు ఇక్కడి మనిషి. మీ గేటు లోపలున్న బండి మీద ఎవరూ రాయి వెయ్యరని. మా డాక్టరు గారి కారు అద్దం అశోక్‌నగర్‌లో ఇంటిముందే పగిలింది కదా.”

“మూర్తిసాబ్, ఒక్క మాట అడుగుత. ఈ గల్లీల మిమ్ముల ఎవడన్న ఒక్క మాటన్నడా?”

“లేదండీ.”

“ఎవడన్న చెయ్యెత్తిండా?”

“లేదు. మీ దయవల్ల లేదు.”

“దయ గాదు. గా నలుగురిల ఒక్కడన్న పొయ్యేటప్పుడు నాకు చెప్పిండా? నా చాయ తాగిన్రు, నా ఇంట్ల బండ్లు పెట్టిన్రు, నాకే చెప్పక పోయిన్రు. మాకు భయం లేదనుకున్నరా? మా పిలగాడు ఇంద్రసేన పొద్దున జులూసుకు పోతే వాడు వచ్చేదాంక వాళ్ళమ్మ గేటు కాడ్నే నిలబడుతది. తుపాకి శబ్దం ఇనబడ్డనాడు నేనూ అన్నం తినలే. సరే, గది ఇడిసిపెట్టున్రి. టైం లేదు. పన్ను సంగతి జూద్దాం.”

“చూడండి, మీకు పుణ్యముంటుంది.”

“ఇనున్రి. సొంత బండి అమ్ముకునేటోనికి సేల్సుటాక్సు లేదు. కంపెనోడు కొత్త బండి అమ్మిననాడే టాక్సు ముట్టింది. మీ ఇంట్ల పాత బీరువా అమ్మితే మీరు యాపారి అయితరా? కానే కారు. గట్లనే ఇది. కొని, అమ్మి, దాని మీద బతికెటోడే యాపారి. సమజైందా?”

“అయింది. అయితే నాకేం భయం లేదా?”

“ఆ నలుగురు ఎవరి బండి కాయితం మీద వాళ్ళే దస్కతు పెట్టిన్రా?”

“పెట్టారు. కొనేవాడి పేరు దగ్గర ఖాళీ వదిలి, సంతకాలు పెట్టి, ఆ ఉత్తరాలతోపాటే పంపారు. నారాయణగూడ మెకానిక్కు ఈరన్న మనుషుల్ని తీసుకొచ్చేవాడు. పేరు నింపి ఇచ్చేసేవాణ్ణి. డబ్బు వచ్చింది వచ్చినట్టు ఊరికి పంపాను.”

“గట్లయితే వాళ్ళ బండి వాళ్ళే అమ్ముకున్నట్టు. మీరు ఉత్త చేతి సాయం. భయం లేదు.”

“అబ్బ. గుండెల మీద బరువు దింపారండీ.”

“ఆగున్రి. నలుగురన్నరు. బండ్లు అయిదు. అయిదోది ఎవలది?”

“వేదా, మిషను ఆపమన్నానా? ఆపు.”

“మిషను సంగతి తర్వాత. అయిదోది ఎవలది?”

“ఎవరిదీ కాదండీ. అదొక ఆస్టిన్. ముసలిది. మారకంలో వచ్చింది.”

“మారకం?”

“డాక్టరు గారి ఫియెట్టు కొన్నాయన దగ్గర పూర్తి డబ్బు లేదు. ‘సగం డబ్బిస్తా, సగానికి నా ఆస్టిన్ తీసుకో’ అన్నాడు. అప్పుడు రైళ్ళు ఆగిపోయాయి, టెలిగ్రాం ఇచ్చినా జవాబు లేదు. బేరం పోతే మళ్ళీ దొరకదని ఈరన్న తొందరపెట్టాడు. సరేనన్నాను.”

“ఆస్టిన్ ఎవల పేరు మీద తీసుకున్నరు?”

“డాక్టరు గారు తెనాలిలో ఉన్నారు కదండీ. ఆయన సంతకం ఎలా వస్తుంది?”

“ఎవల పేరు మీద?”

“నా పేరు మీద.”

“అయ్యో.”

“ఎందుకండీ అయ్యో అంటారు? రెండు వారాలే ఉంది నా పేరున. తర్వాత ఈదమ్మ గారని, లోయర్ టాంకుబండులో కట్టెల అడితీ ఆవిడ కొనుక్కుంది. వచ్చిన డబ్బు డాక్టరు గారికే పంపాను. నేను దాన్ని నడిపి కూడా ఎరగను.”

“నడిపితే బాగుండు. సొంతంగ వాడుకున్ననని చెప్పెటోళ్ళం. మీ పేరు మీద కొన్నరు. రెండు వారాలకు మీ పేరు మీదనే అమ్మిన్రు. కొనుడు, అమ్ముడు. నేనిప్పుడే ఏం చెప్పిన?”

“కొనలేదండీ, మార్చుకున్నాను.”

“రసీదుల ఆస్టిన్‌కు ధర ఏసిన్రా?”

“వేశాం. ఆయన వెయ్యమన్నాడు.”

“ధర ఏసినంక అది కొన్నట్టే. డబ్బుకు బదులు బండి ముట్టింది. ఆఫీసోడు గట్లనే చూస్తడు. ఒక్కటి గట్ల దొరికిందంటే, మిగిలిన నాలుగు కూడా యాపారమే అంటడు. నేనైనా గట్లనే రాసేటోన్ని.”

“మీరలా అనకండి.”

“ఉన్నదే అంటున్న. వాళ్ళేమన్న ఇచ్చిన్రా మీకు? కమీషను?”

“పైసా ముట్టలేదు. నా పిల్లల మీద ఒట్టు.”

“పైసా గాకుంటే?”

“ఏమీ లేదు.”

“ఏమీ?”

“డాక్టరు గారి భార్య వెళ్తూ వెళ్తూ... తీసుకెళ్ళడం కుదరదని... వేదవతికి కుట్టుమిషను ఇచ్చిపోయింది. వాడుకోమని. ఇచ్చెయ్యడం కూడా కాదు, వాడుకోమని.”

“గందుకా ఇందాకటి సంది ఆపమంటున్నరు.”

“దాని చప్పుడు వీధిలోకి కూడా వినపడుతోందండీ. ఎక్కడ దాచను దాన్ని? మీ ఇంట్లో పెడతారా?”

“నా ఇంట్లనా? ఇప్పటికే నాలుగు నెలలు నా కాంపౌండ్ల బండ్లు నిలబెట్టి అమ్మిన్రు. దీన్ని గోదాం అంటరు, నన్ను భాగస్తుడు అంటరు. నా పింఛను ఆపుతరు. ముప్పై ఏండ్లు గా ఆఫీసుల చేసి, నా పేరు అదే ఆఫీసు ఫైల్ల ఎక్కాల్నా?”

“ఇప్పుడు మీరూ భయపడుతున్నారు.”

“భయం గాదు. పరేషాన్.”

“నాకు మాత్రం భయమే. దాచుకోను. గవర్నమెంటు మాష్టారు వ్యాపారం చేస్తున్నాడని కాగితం మీద ఎక్కిందంటే ఉద్యోగం పోతుంది. అసలే మా స్కూల్లో బయటినించి వచ్చినవాళ్ళ జాబితా ఒకటి రాస్తున్నారట. నా పేరు మూడోదట. సాకు కోసం చూస్తున్నారు. ఇంతకన్నా మంచి సాకు ఏముంటుంది? ‘కార్ల వ్యాపారి.’ పదకొండేళ్ళు పాఠాలు చెప్పాను ఇక్కడ. తెనాలిలో నాకు ఉద్యోగం లేదు, ఇల్లు లేదు. వెళ్ళినవాళ్ళకి వెళ్ళడానికి ఓ చోటుంది కాబట్టి వెళ్ళారు. నేనెక్కడికి వెళ్ళనండీ?”

“కండ్లు తుడుసుకోన్రి. గా కాయితం ఇటియ్యున్రి. ఊఁ... దీనికి నంబరు లేదేంది?”

“ఏ నంబరు?”

“ఆఫీసుల నుంచి బయటికి పొయ్యే ప్రతి కాయితం మీద నంబరు పడాలె. నేనే ఏసేటోన్ని. ముద్ర గూడ లేదు. ఆదివారం ఎవడన్న ఇన్‌క్వయిరీకి వస్తడా? అది గూడ ఇంటికి?”

“అంటే దొంగ కాగితమా?”

“విశ్వేశ్వరరావు అని ఒకాయన ఉన్నడు, విన్న పేరే. నేను దిగిపోయినంక వచ్చిండు. కాయితం దొంగది గాదు. ఆయనకు చాటుంగ ఏమన్న ముట్టాలని అర్థం.”

“లంచమా?”

“మెల్లగ.”

“ఇవ్వడానికి నా దగ్గరేముంది? మిషనొక్కటే ఉంది.”

“ఊకోన్రి. ముందు ఏం చెప్పాల్నో నేర్చుకోన్రి. నేను ఇన్‌స్పెక్టర్ని. అడుగుతున్న. ఏమయ్యా, ఎన్ని బండ్లు అమ్మినవ్?”

“అయిదండీ.”

“అయిదు గాదు. ‘నేను ఒక్కటి గూడ అమ్మలే, దోస్తులు అమ్ముకుంటే సాయం చేసిన’ అనాలె. మళ్ళ. ఎన్ని బండ్లు అమ్మినవ్?”

“ఒక్కటి కూడా అమ్మలేదు. అయిదింటికీ సాయం చేశాను.”

“నాలుగింటికి. అయిదోది ఆయన అడిగితేనే చెప్పున్రి. నోరు మీరే తెరవొద్దు.”

“నా నోరు నా మాట వినదండీ. చూస్తున్నారుగా.”

“అయితే ఇంకొకటి నాకు మాటియ్యున్రి. ఇగ ఒక్క బండి గూడ ఈ గేటు లోపలికి రావద్దు. ఎవలు బతిమిలాడినా సరే, మీ తోడబుట్టినోడు వచ్చినా సరే.”

“రాదండీ. మా అమ్మ మీద ఒట్టు. అయిదుతో సరి.”

“గేటు సప్పుడైతుంది.”

“వచ్చాడు. శ్రీపతి గారూ, వచ్చాడు. మీరు వెళ్ళకండి. ఇక్కడే కూర్చోండి.”

“కూసున్న. చెయ్యి ఇడువున్రి.”

“నమస్కారం. శ్రీరామమూర్తి మాష్టారిల్లు ఇదేనా?”

“నేనేనండీ. రండి సార్. ఈ కుర్చీలో కూర్చోండి సార్.”

“విశ్వేశ్వరరావుని. కాగితం అందిందనుకుంటా.”

“అందింది సార్.”

“ఈయనెవరు?”

“మా ఇంటాయన సార్, శ్రీపతి గారు. మీ ఆఫీసులోనే హెడ్డు గుమాస్తాగా చేశారు.”

“మా ఆఫీసులోనా? అలాగా. నాకు... ఎవరూ చెప్పలేదు.”

“చెమటలు పట్టినయి, నడిచి వచ్చిన్రా? ఇన్‌స్పెక్టర్లకు ఇప్పుడు జీపు ఇస్తలేరా సాబ్?”

“ఆదివారం కదండీ.”

“ఏ ఊరు మీది?”

“ఊరుతో పనేముంది లెండి. నేను మాష్టారితో మాట్లాడాలి. విడిగా అయితే మంచిది.”

“సార్, ఆయన ఉంటారు సార్. ఆయన దగ్గర నాకు దాపరికం లేదు. అన్నీ చెప్పేశాను.”

“అన్నీ చెప్పారా? సరే. అయితే... సరే. మాష్టారూ, అయిదు కార్లు అమ్మారు మీరు.”

“ఒక్కటి కూడా అమ్మలేదు సార్. నాలుగింటికి సాయం చేశాను. అయిదోది మీరు అడిగితేనే...”

“మూర్తిసాబ్.”

“అది కాదు నేనడిగేది. ఒక్కో బండి అమ్ముడుపోవడానికి ఎన్నాళ్ళు పట్టింది?”

“ఎన్నాళ్ళంటే... ఇంజనీరు గారిది మూడువారాలు. బ్యాంకాయనది పది రోజులు. డాక్టరు గారిది వారం.”

“వారంలోనా? ధర బాగా తగ్గించాల్సి వచ్చిందా?”

“తగ్గించాం సార్. అవసరం అలాంటిది.”

“కొన్నవాళ్ళు ఎందుకమ్ముతున్నారని అడగలేదా?”

“కొందరు అడిగారు. కొత్తది కొంటున్నారని చెప్పాను. అబద్ధమే సార్. తప్పే.”

“యజమాని మళ్ళీ రిజిస్ట్రేషను ఆఫీసుకి రావాల్సిన పనిపడిందా? సంతకానికి గానీ, దేనికి గానీ?”

“లేదు సార్. ఖాళీ కాగితం మీద పెట్టి పంపిన సంతకాలే. ఆ పద్ధతి తప్పని నాకు తెలీదు.”

“ఎవరు అమ్ముతున్నారో బయట ఎవరికైనా పొక్కిందా? వాళ్ళ ఆఫీసుల్లో గానీ, ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళకి గానీ?”

“నా నోట్లోంచి రాలేదు సార్. ఈయనకి కూడా ఇవాళే చెప్పాను.”

“సాబ్, మీరు ఇన్ని అడుగుతున్నరు, ఒక్కటి గూడ రాసుకుంటలేరు?”

“గుర్తుంటాయి లెండి.”

“మా కాలంల రాసుకోకపోతే పైవాళ్ళు ఊకోకపోయేది.”

“శ్రీపతి గారూ, మీరు అనుభవజ్ఞులు. ఇందులో పన్ను పడుతుందా లేదా, మీరే చెప్పండి.”

“నన్నడుగుతున్నరా? పడదు. సొంత బండి అమ్ముకునేటోనికి పన్ను లేదు. నేను బుక్కు తెచ్చి చూపిస్త. దాంట్ల గీత గీసి పెట్టిన. మాష్టారి ఆస్టిన్ సంగతి వేరే, కానీ దానికి గూడ ఆయన జేబుల ఏం పడలే.”

“తీసుకురండి. చూస్తాను. తొందరేం లేదు, నెమ్మదిగా వెతికి తీసుకురండి.”

“మూర్తిసాబ్, నేను వచ్చేదాంక ఏం ఒప్పుకోకున్రి. ఏం దస్కతు పెట్టకున్రి.”

“త్వరగా రండి.”

“వెళ్ళారా? లోపలికేనా?”

“లోపలికే సార్. సార్, ఇప్పుడు చెప్పేస్తాను, నా వల్ల కాదు. అయిదోది నా పేరునే కొన్నాను, నా పేరునే అమ్మాను. కుట్టుమిషను కూడా తీసుకున్నాం. ఆ చప్పుడదే. పట్టుకెళ్ళండి కావాలంటే. పన్ను ఎంతంటే అంత, నెలనెలా కట్టుకుంటాను. స్కూలుకి మాత్రం రాయకండి. ఇద్దరు పిల్లలు సార్. నేను ఊరు వదిలి ఎక్కడికీ పోలేను.”

“అయ్యో, మెల్లగా. ఏడవకండి మాష్టారూ. ఆయనొచ్చేస్తాడు. నేను పన్ను కోసం రాలేదండీ.”

“మరి... నంబరు లేదు, అందుకే అన్నారాయన. ఎంతివ్వమంటారు సార్?”

“ఛ, అదీ కాదు. డాక్టరు వీరరాఘవరావు గారు మా ఆవిడకి వైద్యం చేసేవారు. మీ పేరు, మీరు అమ్మిపెట్టిన అయిదు బండ్ల సంగతి ఆయనే రాసి పంపారు. మాది గుడివాడ దగ్గరండి. మా ఆవిడ రెండు నెలలై వీధి తలుపు తియ్యట్లేదు. ఆఫీసులో చెప్పలేదు, ఇంటాయనకి చెప్పలేదు. ఊరికే మీ ఇంటికొస్తే ఎందుకొచ్చాడని ఎవరైనా అడుగుతారని ఆ కాగితం రాశాను. మీరింత హడలిపోతారనుకోలేదు, నన్ను క్షమించండి.”

“మీరు... ఇన్‌స్పెక్టరు గారు కదండీ. మీకేం భయం?”

“మాష్టారూ, ఆయన అడుగుల చప్పుడు వస్తోంది. నా బండి సందు మొదట్లో పెట్టి నడిచొచ్చాను. అన్నిచోట్లా సంతకాలు పెట్టేశాను, పేరు దగ్గర ఖాళీ వదిలాను. ఆరోది నాది. ఇవిగో తాళాలు.”